నడుము ఆపరేషన్: ముందు ఇల్లు సర్దుకోండి

అందరికీ నమస్కారం. ఈ రోజు మాట్లాడేది జారిన డిస్కు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు) ముక్కను తీసేసే ఆపరేషన్ గురించి. స్క్రూలు బిగించి వెన్నుపూసలను కలిపేసే ఫ్యూజన్‌కి గడువులు వేరు, దాన్ని ఇందులో కలపొద్దు.

నరం మీద ఒత్తిడి తీయడమే ఈ ఆపరేషన్ పని. అందుకే కాల్లోకి లాగే నొప్పి ముందు తగ్గుతుంది. పాదంలో తిమ్మిరి పోవడానికి నెలలు పట్టొచ్చు. ఇది తెలియక వారానికే "ఫెయిలైంది" అని బెంగపడతారు.

మీరు వాడే మందులన్నీ డాక్టరుకు చూపించండి. రక్తం పలచబరిచే క్లోపిడోగ్రెల్‌ను మామూలుగా 5 నుంచి 7 రోజుల ముందు ఆపిస్తారు. గుండెకు స్టెంట్ ఉంటే మాత్రం కార్డియాలజిస్టును అడక్కుండా ఆపొద్దు. మత్తుకు 6 గంటల ముందు నుంచి తిండి ఉండదు, మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగొచ్చు. పాలు పోసిన టీ మంచినీళ్ల లెక్కలోకి రాదు. ఒక్క గుక్క టీతో ఆపరేషన్ వాయిదా పడొచ్చు.

ఇంట్లో నేలబారు మరుగుదొడ్డే ఉంటే కమోడ్ కుర్చీ ముందే తెచ్చిపెట్టండి. రోజూ వాడే కుక్కర్, బియ్యం డబ్బా నడుమెత్తుకు మార్చండి. చాప మీద పడక వద్దు, మంచం కావాలి.

మంచం దిగడం ఆపరేషన్‌కి ముందే సాధన చేయండి. మోకాళ్లు మడవండి. భుజం, తుంటి ఒకేసారి తిప్పి పక్కకు ఒత్తిగిలండి. కాళ్లు కిందికి జారవిడుస్తూ, అదే ఊపులో మోచేత్తో, అరచేత్తో పరుపును నొక్కి లేవండి. వెల్లకిలా ఉండి తిన్నగా లేస్తే భారమంతా కోసినచోటే పడుతుంది.

"మూడు నెలలు మంచం దిగకూడదు" అనే చుట్టాల మాట వినకండి. చాలామందిని అదే రోజో మర్నాడో నడిపిస్తారు. ఇంటికొచ్చాక ఒక్కోసారి 5, 10 నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదుసార్లు నడవండి. కూర్చోవడం ఒక్కసారికి 20 నిమిషాలు చాలు. డిస్కు పైపొరకు పడ్డ చిల్లు గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఈలోగా వంగి, మెలి తిరిగి బరువెత్తితే లోపలి గుజ్జు మళ్లీ బయటికి తన్నుకురావొచ్చు. అందుకే మొదటి 6 వారాలు 2 కిలోలు దాటొద్దు. నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు 30 కిలోలు, దాన్ని పక్కకు జరపడం కూడా వద్దు.

నొప్పికిచ్చే ట్రమడాల్ మాత్రలు మలబద్ధకం తెస్తాయి, ముక్కితే నడుముకి దెబ్బ. ఇసబ్‌గోల్, నీళ్లు మొదటి రోజు నుంచే ఉండాలి.

కుట్ల దగ్గర నీళ్లలాంటి స్రావం, లేచి కూర్చుంటే తలనొప్పి, జ్వరం, పిక్క వాపు, వీటిలో ఏది వచ్చినా అదే రోజు ఫోన్ చేయండి. మూత్రం రాకపోయినా, మలద్వారం చుట్టూ స్పర్శ పోయినా, పాదం పైకి లేవకపోయినా తెల్లవారి ఓపీ దాకా ఆగకండి, ఆ రాత్రే ఎమర్జెన్సీకి రండి.