లాండిడ్నోలో నవంబరు: తిథి చూసి వెళ్లాల్సిన సముద్రం

అందరికీ నమస్కారం. "అక్కడి బీచ్ చూపించవే" అని పిన్ని అడుగుతూనే ఉంది కాబట్టి ఈ వీడియో ఆవిడ కోసం. ఇది ఉత్తర వేల్స్‌లోని లాండిడ్నో. వెనకాల కొండ గ్రేట్ ఓర్మ్, 207 మీటర్లు. దాని మీదికి 1902 నుంచి ట్రామ్ నడుస్తోంది. అక్టోబరు చివర్లో ఆపితే మళ్లీ మార్చి చివర్లోనే. కేబుల్ కారూ అంతే. 1877 నాటి పియర్, అంటే ఇనుప స్తంభాల మీద సముద్రంలోకి కట్టిన ఈ 700 మీటర్ల చెక్కబాట, మాత్రం తెరిచే ఉంది. టికెట్ లేదు. కప్పు టీ రెండున్నర పౌండ్లు, అంటే మన లెక్కలో దాదాపు 300 రూపాయలు. అల్లం కూడా ఉండదు.

ఒక్క రోజులో పది చోట్లు చుట్టేసే అలవాటు ఇక్కడ సాగదు. సముద్రం ఎప్పుడు వెనక్కి పోతుందో చూసుకుని, మిగతా పనులన్నీ దాని చుట్టూ పెట్టుకోవాలి.

మన విశాఖలో ఆటుకీ పోటుకీ తేడా పెద్ద పోటు రోజుల్లో కూడా మీటరున్నర అటూ ఇటూ. ఇక్కడ పౌర్ణమి, అమావాస్య దాటగానే ఏడు మీటర్ల దాకా ఉంటుంది. అయితే ఒక తిరకాసు. ఈ తీరంలో ఆ రోజుల్లో నిండు పోటు పగలు పదకొండు, పన్నెండు ప్రాంతంలో వస్తుంది. నీరు బాగా వెనక్కి తగ్గేది సాయంత్రం ఐదు, ఆరు మధ్య. నవంబరు నడిమికి పొద్దుగూకేది 4:15కే! అంత ఇసుక బయటపడ్డా చీకట్లో ఏం చూస్తాం? అందుకే అష్టమి నుంచి దశమి లోపు రండి. నీరు అంత దూరం పోదు గానీ, ఆటు మధ్యాహ్నం వేళ పడుతుంది. రూమ్ బుక్ చేసే ముందు పంచాంగం చూడమంటున్నాను, నవ్వకండి. సరైన నిమిషం కావాలంటే మాత్రం టైడ్ టేబుల్, అంటే ఆటుపోట్ల టైముల పట్టిక, చూడాల్సిందే. టైము రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. టేబుల్ జీఎంటీలో, అంటే ఇక్కడి చలికాలపు టైములో, ఉంటే వేసవిలో గంట కలపాలి. చలికాలంలో ఆ గొడవ లేదు.

నీరు ఒకే వేగంతో పెరగదు, అక్కడే జనం దెబ్బతింటారు. ఆరు గంటల పోటుని పన్నెండు భాగాలు చేస్తే, వరసగా గంటకి ఒకటి, రెండు, మూడు, మూడు, రెండు, ఒకటి. ఏడు మీటర్ల రోజున మూడో గంటలోనే 1.75 మీటర్లు పెరుగుతుందన్నమాట. ఊరికి పడమటి బీచ్ వెస్ట్ షోర్ వైపు ఇసుక చాలా చదును, మధ్యలో పల్లపు కాలువలు. మీరు ముందుకి చూస్తుంటే నీరు మీ వెనక కాలువ నింపేస్తుంది. ఆటు టైముకి గంటన్నర ముందు దిగి, సరిగ్గా ఆ టైముకి తిరుగుముఖం పట్టండి. చలికాలంలో లైఫ్‌గార్డులు ఉండరు. ఎవరైనా చిక్కుకుంటే 999 కొట్టి కోస్ట్‌గార్డ్ కావాలని చెప్పాలి.

అదిగో, అదిగో! కొండ అంచున తెల్లగా, వంపు కొమ్ములతో... అవి కాశ్మీరీ మేకలు. వాటి పూర్వీకులు విక్టోరియా రాణి కాలంలో విండ్సర్‌లోని రాజవంశపు మందలోంచి వచ్చాయి. 2020 లాక్‌డౌన్‌లో ఊళ్లోకి దిగి, ఇళ్ల ముందు కంచె మొక్కలన్నీ మేసింది ఇవే. మన కాశ్మీరు పేరు పెట్టుకుని ఇక్కడ ఎంత దర్జాగా తిరుగుతున్నాయో చూడండి. సరే, ఏం చెబుతున్నాను?

ఇక బస చేసే గదిలో హీటర్ సంగతి. పాత ఫ్లాట్లలో గోడకి స్టోరేజ్ హీటర్ ఉంటుంది. రాత్రి చవక కరెంటుతో లోపలి ఇటుకలు కాగుతాయి, పగలంతా ఆ వేడే వస్తుంది. రెండు మరలు: ఇన్‌పుట్ అంటే ఈ రాత్రి ఎంత వేడి నింపుకోవాలో, అవుట్‌పుట్ అంటే ఎంత వదలాలో. చలేస్తోందని సాయంత్రం ఇన్‌పుట్ తిప్పితే అప్పటికప్పుడు ఏమీ రాదు. దిగిన రోజే పెంచి పెట్టాలి. రాత్రి పడుకునేటప్పుడు అవుట్‌పుట్ తగ్గించాలి, లేకపోతే నింపినదంతా తెల్లారేసరికి పోయి, మళ్లీ సాయంత్రానికి చల్లబడుతుంది. మీద తడి బట్టలు ఆరేయొద్దు, నిప్పు ప్రమాదం.

ఆదివారం పెద్ద సూపర్‌మార్కెట్లకి ఆరు గంటలే అనుమతి, అదీ పదింటి నుంచి ఆరింటి లోపు. పాలు, కూరలు శనివారమే తెచ్చుకోండి.

4:15 తర్వాత ఇక బయట పనేమీ లేదు. అప్పటికి ఇండియాలో 9:45. ఇక్కడ తీరిక దొరికే వేళకి అక్కడ అమ్మావాళ్లు లైట్లు ఆర్పేస్తారు. కాబట్టి ఫోన్లు పొద్దున టిఫిన్‌ వేళకే పెట్టుకోండి. ఆటు ఎలాగూ మధ్యాహ్నానికి గానీ రాదు.

వెళ్లే ముందురోజు రాత్రి ఇన్‌పుట్ పూర్తిగా తగ్గించడం మర్చిపోకండి. కరెంటు మీటరు ప్రకారం కట్టాల్సిన ఫ్లాటైతే, మీరు వెళ్లిపోయాక ఖాళీ గదిని వేడిచేసిన ఖర్చు కూడా మీ బిల్లులోనే పడుతుంది.