స్టూలు మీద నిలబడ్డ మనిషి

డాక్టర్: నమస్కారం. నేను చిన్నపిల్లల గుండె డాక్టర్‌నని మీకు తెలుసు. ఈ రోజు నా పక్కన కూర్చున్నది, మా ఎకో గదిలో, అంటే గుండెకు స్కాన్ తీసే గదిలో, పన్నెండేళ్లుగా నాతో పనిచేస్తున్న టెక్నీషియన్. మా దగ్గరికి వచ్చే పిల్లల గుండెను ముందు చూసేది ఆయనే. ఆ తర్వాతే నేను. అన్నా, మైక్ దూరంగా ఏమీ లేదు కదా?

టెక్నీషియన్: లేదు మేడమ్. మీరు నన్ను 'మీరు' అంటుంటేనే కొత్తగా ఉంది.

డాక్టర్: ఆ మాటకు మళ్లీ వస్తాను. ముందు వివియన్ థామస్ అనే ల్యాబ్ టెక్నీషియన్ గురించి చెప్పాలి. 1944 నవంబర్ 29. అమెరికాలో బాల్టిమోర్, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి. టేబుల్ మీద ఐలీన్ శాక్సన్ అనే పాప. పదిహేను నెలల పిల్ల, బరువు నాలుగు కిలోల చిల్లర. పెదాలు, గోళ్లు నీలంగా ఉన్నాయి.

టెక్నీషియన్: టెట్రాలజీ కేసు, పుట్టుకతోనే గుండెలో ఉండే లోపం. ఊపిరితిత్తులకు వెళ్లే దారి సన్నగా ఉంటుంది. సరిపడా రక్తం అటు పోదు, ఆక్సిజన్ అందదు.

డాక్టర్: అవును. చేతికి వెళ్లే ధమనిని మళ్లించి ఊపిరితిత్తుల ధమనికి కుట్టారు. కత్తి పట్టుకున్నది ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్, సర్జరీ విభాగానికి అధిపతి. ఆయన భుజం వెనక ఒక స్టూలు, దాని మీద థామస్. ఆ స్టూలు ఎందుకంటే, ఆ కుట్టు ఎలా వేయాలో ఆ గదిలో బాగా తెలిసింది థామస్‌కే. ల్యాబ్‌లో దాదాపు 200 కుక్కల మీద ప్రయోగాలు చేసి ఆ పద్ధతిని తేల్చింది ఆయన. ఆపరేషన్‌కు కావాల్సిన పరికరాలను సరిచేసి పెట్టిందీ ఆయనే. కుట్టు సరిగ్గా పడుతోందా అని బ్లాలాక్ అడుగుతూ ఉంటే వెనక నుంచి చెబుతూ వచ్చారు. రక్తనాళాలకు పెట్టిన బిగింపులు తీశాక పాప రంగు మారింది.

టెక్నీషియన్: ఆ పాప ఎక్కువ కాలం బతకలేదని చదివాను.

డాక్టర్: కొన్ని నెలలు బతికింది. రెండో పుట్టినరోజు చూడలేదు. కానీ దారి తెరుచుకుంది. 1945 మేలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వ్యాసం వచ్చింది. పేర్లు రెండే: బ్లాలాక్, పిల్లల గుండె నిపుణురాలు హెలెన్ టౌసిగ్. థామస్ పేరు ఎక్కడా లేదు.

టెక్నీషియన్: సొమ్మొకడిది, సోకొకడిది.

డాక్టర్: అంత తేలిగ్గా అనలేను అన్నా. ఆలోచన టౌసిగ్‌ది. ఆమెకూ ఆడమనిషి కావడం వల్ల చాలా అడ్డంకులు వచ్చాయి, పూర్తి స్థాయి ప్రొఫెసర్ అయ్యేసరికి 1959 వచ్చింది. బ్లాలాక్ కూడా తెగించాడు. పాప టేబుల్ మీదే పోతే నింద ఆయన మీదే పడేది.

టెక్నీషియన్: పడేది. కానీ మేడమ్, తెగించడానికి కూడా ఒక కుర్చీ ఉండాలి కదా. ఆపరేషన్ పాడైనా మర్నాడు ఆయన అధిపతిగానే ఉంటాడు. థామస్‌కు తప్పు చేసే అవకాశం కూడా లేదు. చెయ్యి పెట్టే హక్కే లేనివాడికి తెగింపు ఎక్కడి నుంచి వస్తుంది?

డాక్టర్: (కాసేపు ఆగి) నేను ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు.

టెక్నీషియన్: ఆయన డాక్టర్ కావాలనుకున్న మనిషి. వడ్రంగి పని చేసి చదువుకు డబ్బు కూడబెట్టుకున్నాడు. మాంద్యంలో బ్యాంకు మూతపడి ఆ డబ్బు పోయింది. 1930లో బ్లాలాక్ దగ్గర ల్యాబ్‌లో చేరితే, కాగితాల మీద ఆయన ఉద్యోగం పేరు జానిటర్. ఊడ్చి తుడిచేవాళ్ల జాబితాలో రాశారు. 1941లో హాప్కిన్స్‌కు వచ్చాక తెల్లకోటుతో కారిడార్‌లో నడిస్తే అందరూ ఆగి చూసేవారట, నల్లజాతి మనిషికి ఆ కోటేమిటని. బ్లాలాక్ ఇంట్లో పార్టీలకు ఆయనే మందు పోసేవాడు, అదనపు డబ్బుల కోసం. పగలు ఎవరికి పని నేర్పాడో, సాయంత్రం వాళ్లకే గ్లాసు అందించాలి. చదువుతుంటే అక్కడ ఆగిపోయాను నేను.

డాక్టర్: నన్ను ఆపేసింది వేరే. బ్లాలాక్‌కు ఆయనంటే అభిమానం. హాప్కిన్స్‌కు వస్తూ వెంట తెచ్చుకున్నాడు. ఆపరేషన్ గదిలో పక్కనే ఉండాలని పట్టుబట్టాడు. ముప్పై నాలుగేళ్లు కలిసి పనిచేశారు. అంత దగ్గరగా ఉండి కూడా వ్యాసంలో పేరు పెట్టాలని తోచలేదు. ఇది చదివినప్పుడే మన పరిశోధన పేపర్ గుర్తొచ్చింది. 64 మంది పిల్లల ఎకోలు. డ్యూటీ అయిపోయాక కూర్చుని ఒక్కో కొలతా రెండోసారి తీసింది మీరు. పేపర్ మీద ఐదుగురు డాక్టర్ల పేర్లు. అందులో ఒకరు ఆ గదిలోకి అడుగైనా పెట్టలేదు. మీ పేరు లేదు.

టెక్నీషియన్: మీరు స్వీట్ బాక్స్ తెచ్చారు. కాజు కత్లీ. పేపర్ అచ్చయిందని అందరికీ పంచారు. నేను ఒకటి తీసుకుని తిన్నాను. తర్వాత కంప్యూటర్‌లో పేపర్ తెరిచి చివరి దాకా చూశాను, కృతజ్ఞతల్లోనైనా ఉందేమోనని.

డాక్టర్: ఎందుకు అడగలేదు?

టెక్నీషియన్: మీరు కావాలని తీసేసి ఉంటే అడిగేవాణ్ణి, పోట్లాడేవాణ్ణి. మీకు అసలు తోచలేదని అర్థమైంది. తోచని దాని గురించి ఎవరితో పోట్లాడాలి?

డాక్టర్: నిజం. తీసెయ్యాలని నేను అనుకోలేదు. పెట్టాలనే ఆలోచనే రాలేదు. అదే నన్ను నిద్రపోనివ్వడం లేదు. మా నాన్న డాక్టర్, మా ఇంట్లో పుస్తకాలున్నాయి, ఫీజు గురించి ఒక్కరోజూ టెన్షన్ పడలేదు. ఇంటర్ తర్వాత మీరు డిప్లొమాలో చేరింది మార్కులు రాక కాదు కదా.

టెక్నీషియన్: చెల్లి పెళ్లి ఉంది.

డాక్టర్: ఇక ఆ మాట. అన్న నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. చేరిన మొదటి రోజు నుంచి నేను పేరు పెట్టి పిలిచి 'నువ్వు' అన్నాను, ఆయన నన్ను 'మేడమ్, మీరు' అన్నారు. పన్నెండేళ్లు. మా అమ్మ వింటే, పెద్దవాళ్లతో మాట్లాడే తీరు ఇదేనా అని కోప్పడేది. వార్డులో అది ఎవరికీ తప్పుగా అనిపించలేదు, నాకూ అనిపించలేదు.

టెక్నీషియన్: మా ఇంట్లో తమ్ముళ్లు కూడా నన్ను 'మీరు' అంటారు. మొదట్లో గుచ్చుకునేది. తర్వాత అలవాటైపోయింది. అలవాటైందని నొప్పి పోయిందనుకోకండి.

డాక్టర్: అనుకోను. పత్రికకు ఉత్తరం రాశాను, రచయితల్లో మీ పేరు చేర్చమని. మిగతా నలుగురూ ఒప్పుకోవాలి. ఇద్దరు సరేనన్నారు.

టెక్నీషియన్: మిగతా ఇద్దరూ ఒప్పుకోకపోవచ్చు. థామస్ దగ్గర నేర్చుకుని పెద్ద సర్జన్లయినవాళ్లంతా కలిసి ఆయన చిత్రపటం గీయించి ఆసుపత్రికి ఇచ్చింది 1971లో. గౌరవ డాక్టరేట్ 1976లో. అదీ న్యాయశాస్త్రంలో ఇచ్చారు, వైద్యంలో కాదు. అప్పటికి బ్లాలాక్ పోయి పన్నెండేళ్లు. నాకు అంత ఓపిక లేదు మేడమ్. నేను అడిగేది చిన్నది. మన ఎకో రిపోర్ట్ కింద మీ సంతకం ఒక్కటే ఉంటుంది. దాని పైన 'స్కాన్ చేసినవారు' అని ఒక లైన్ పెట్టండి. నాకే కాదు, రాత్రి డ్యూటీ చేసే ఆ పిల్లకు కూడా.

డాక్టర్: పెడదాం. ఇంకొకటి కూడా మార్చాలి. రక్తాన్ని మళ్లించే ఆ దారిని షంట్ అంటాం. ఆ ఆపరేషన్‌ను మనం ఇప్పటికీ 'బీటీ షంట్' అనే రాస్తున్నాం, బ్లాలాక్-టౌసిగ్ అని. ఇప్పుడు చాలామంది బ్లాలాక్-థామస్-టౌసిగ్ అంటున్నారు.

టెక్నీషియన్: ఎన్ని వేల రిపోర్టుల్లో నా చేత్తోనే బీటీ అని కొట్టానో. మధ్యలో ఒక మనిషి ఉన్నాడని తెలియదు. రేపు ఎనిమిదిన్నరకు మొదటి కేసు షంట్ వేసిన పాపే. ఫార్మాట్ అప్పటికి మారుతుందా?

డాక్టర్: ఈ రాత్రే మారుస్తాను. మీ పేరు, ఇంటిపేరుతో సహా ఎలా రాయాలో చెప్పండి. నాకు ఇంటిపేరు తెలియదు అన్నా.