మన కడప సంఘం ఎప్పుడు పుట్టింది?

అయ్యగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల మైత్రి అక్కలకు, యవ్వనస్థులకు ప్రభువు పేరిట వందనాలు.

చరిత్ర చెప్పమంటే మనవాళ్లు వెంటనే 1822 అంటారు. ఆ ఏడు లండన్ మిషనరీ సొసైటీ తరఫున విలియం హోవెల్ అనే మిషనరీ కడపలో పని మొదలుపెట్టారు. సి.పి. బ్రౌన్ ఈ ఊరికొచ్చిన రెండేళ్లకన్నమాట. అంతవరకు నిజమే. కానీ మిషన్ మొదలుకావడం వేరు, సంఘం పుట్టడం వేరు. ఆ హోవెల్ గారే 1840ల్లో లండన్ మిషన్ వదిలేసి ఆంగ్లికన్ల, అంటే ఇంగ్లండు చర్చివాళ్ల, ఎస్.పి.జి. అనే మిషన్‌లో చేరారు. దొర వెళ్లిపోతే సంఘమూ వెళ్లిపోయినట్టేనా?

నన్నడిగితే మన సంఘం పుట్టింది 1850ల మొదట్లో, కడప చుట్టుపక్కల మాలపల్లెల్లో. మిషనరీలు చదువుకున్న అగ్రకులాల వాళ్లు ముందు వస్తారని ఎదురుచూశారు. వచ్చింది మాత్రం మగ్గాల మీద ముతక గుడ్డ నేసేవాళ్లు, ఊరి వెట్టి చేసేవాళ్లు. ఒక్కొక్కరుగా కూడా రాలేదు. పెద్దమనుషులు కూర్చుని మాట్లాడుకుని, ఇళ్లకు ఇళ్లే కదిలాయి. ఎవరో చేయి పట్టి తీసుకొస్తే వచ్చారనడం వాళ్లను తక్కువ చేయడమే.

ఇంకో మాట కూడా మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం, గంజి కోసం మతం మారారని. గంజి కేంద్రాలు పెట్టిన ధాత కరువు 1876–78లో వచ్చింది. తొలి కుటుంబాలు అంతకు పాతికేళ్ల ముందే వచ్చాయి. కరువు తర్వాత సంఖ్య బాగా పెరిగిన మాట వాస్తవం, దాచుకోవాల్సిన పని లేదు. ఆకలితో ఉన్నప్పుడు అన్నం పెట్టినవాణ్ణి నమ్మడం తప్పెలా అవుతుంది? సిగ్గుపడాల్సింది ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వనివాళ్లు.

మన గుడిలోని పాత బాప్తిస్మపు రిజిస్టరు మీలో కొందరైనా చూసుంటారు. పొడుగాటి పుస్తకం, అంచులు చెదలు కొరికేసింది. పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, వృత్తి, బాప్తిస్మమిచ్చినవారి సంతకం. ఊళ్ల పేర్లు దొర చెవికి ఎలా వినబడితే అలా రాశారు, సగం ఊళ్లు పోల్చుకోవడానికే తల ప్రాణం తోకకొస్తుంది. మీరు వృత్తి గడి ఒక్కటే పట్టుకుని కిందికి చదవండి. ముందు పేజీల నిండా నేత, కూలి, నేత, కూలి. కొన్ని పేజీలు పోయాక ఒక టీచరు. తర్వాత ఒక కాంపౌండరు. జమ్మలమడుగు క్యాంబెల్ ఆస్పత్రి వచ్చాక నర్సమ్మలు. మన పెద్దల చరిత్రంతా ఆ ఒక్క గడిలోనే ఉంది, ఏ పాలరాతి పలకా ఇంత చెప్పదు.

ఇక మన సంఘ పాలనలో కనబడే ప్రెస్బిటేరియన్ పద్ధతి సంగతి. మన లండన్ మిషన్ సంఘాలు కాంగ్రిగేషనల్ పద్ధతివి. అంటే ఏ సంఘం నిర్ణయం ఆ సంఘానిదే, పైన అడిగేవాడు లేడు. ప్రెస్బిటేరియన్ పద్ధతిలో సంఘం ఎన్నుకున్న పెద్దలుంటారు, వాళ్ల మీద ప్రెస్బిటరీ అనే ప్రాంతీయ సభ, ఆ పైన సినడ్ అనే పెద్ద సభ. ఆ పద్ధతి మనకు దానికి పేరుపడ్డ స్కాట్లాండ్ నుంచే రానక్కర్లేదు, పక్కనే ఉంది. మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలోదే, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. అక్కడ అమెరికన్ ఆర్కాటు మిషన్ వాళ్లు, డాక్టర్ జేకబ్ చేంబర్లేన్ 1863 నుంచి, ఆ పెద్దల పద్ధతిలోనే సంఘాలు నడిపించారు. 1908లో ఈ రెండు రకాల సంఘాలూ కలిసి దక్షిణ భారత ఐక్య సంఘం అయ్యాయి. మన కమిటీకి పైన ఒక సభ, ఆ సభకు పైన ఇంకో సభ ఉండడం మనకు అలా అలవాటైంది. సంఘ ఎన్నికలొస్తే మనకు పట్టే టెన్షన్‌లో వాళ్ల వాటా కూడా ఉందనుకోండి!

నిజానికి మిషన్లు కలవకముందే పాటలు కలిసిపోయాయి. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి పర్లాకిమిడి వైపు మనిషి, 1833లో కటకంలో బాప్టిస్టుల దగ్గర బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన కీర్తనలు పాడడానికి ఏ మిషనూ ఇంకో మిషన్ అనుమతి అడగలేదు.

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడింది. ఐక్య సంఘంతో పాటు మనమూ అందులోకి వెళ్లాం. నంద్యాల వైపు ఆంగ్లికన్లలో చాలామంది మాత్రం అందులోకి రాలేదు, చాలా ఏళ్లు విడిగానే ఉన్నారు. హోవెల్ గారి కథ అక్కడ ఇంకా నడుస్తోందనిపిస్తుంది నాకు.

మన ఇళ్లలో గట్టిగా మాట్లాడుకోని సంగతి కూడా ఒకటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేకుండా పోయింది, మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల్లోని సి గ్రూపు (బీసీ-సీ) కింద ఉన్నారు. దాంతో చాలామందికి గుడి రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు. వాళ్లను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు, పిల్లల చదువు ముందు ఎవరైనా ఏం చేస్తారు? కానీ పేర్లు చూసి సంఘ చరిత్ర రాద్దామనుకునేవాళ్లు ఇది తెలుసుకోవాలి. 1950 తర్వాతి జనాభా లెక్కల్లో మనం కనబడేది కొంతవరకే.

పెద్దలకు ఒక మనవి. ఆ రిజిస్టర్లను ఈ వేసవిలోపే స్కాన్ చేయించండి, బైండింగ్ ఆ తర్వాత. ముందే విప్పితే పేజీలు పొడైపోతాయి. యవ్వనస్థుల్లో ఇద్దరు వచ్చి కూర్చుంటే ఆ ఊళ్ల పేర్లు చదివి పెట్టడానికి నేను సిద్ధం. మీ ఇళ్లలో పాత బాప్తిస్మపు చీటీలు, పెళ్లి ఫోటోలు ఏమున్నా తెండి, జిరాక్స్ తీసుకుని అసలువి మీ చేతికే ఇచ్చేస్తాం.