సైబీరియా పిట్టలు, క్వారీలో డైనోసార్ గుడ్లు: నమ్మే ముందు ఒక ప్రశ్న

[దృశ్యం: తేలినీలాపురం, టెక్కలి మండలం, శ్రీకాకుళం జిల్లా. చింతచెట్టు నిండా పక్షులు, గోల. వ్యాఖ్యాత గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు.]

నమస్కారం. ఈ గొడుగు వాన కోసం కాదు. ఒకసారి పైకి చూడండి, మీకే అర్థమవుతుంది.

రెండేళ్ళ కిందట ఇదే చోట నిలబడి మీకు తప్పు చెప్పాను. సైబీరియా నుంచి సిక్కోలుకు వచ్చిన పక్షులు అని వీడియో పెట్టాను. థంబ్‌నెయిల్‌లో మంచు కొండలు కూడా వేశాను. మీరు బాగా చూశారు, బాగా షేర్ చేశారు. ఇబ్బంది ఏమిటంటే, ఆ మాట తప్పని చెప్పే సాక్ష్యం ఆ వీడియోలోనే ఉంది. తీసిన నేనే గమనించలేదు.

[పాత వీడియో ముక్క: అరుగు మీద ఒక పెద్దావిడ]

పెద్దావిడ: పురిటికొచ్చిన ఆడపిల్లల్నాటివి బావు ఇవి. ఏటేటా వస్తాయి, పిల్లల్ని పెంచుకుంటాయి, ఎల్లిపోతాయి.

[మళ్ళీ చెట్టు కింద]

ఈ మాట ఎంత ముద్దుగా ఉందో అనుకుని ఎడిటింగ్‌లో ఉంచేశాను. వెనక వీణ కూడా వాయించాను. అసలు ఆవిడ ఏమందో ఆలోచించలేదు.

మన జిల్లా వాళ్ళకి వలస గురించి ఒకరు చెప్పాలా? పని కోసం హైదరాబాద్ వెళ్తాం, చెన్నై వెళ్తాం. పురుడు వచ్చేసరికి ఆడపిల్ల ఎక్కడికి వస్తుంది? పుట్టింటికి. సైబీరియా లాంటి ఉత్తర దేశాల నుంచి వలస వచ్చే పక్షుల పద్ధతీ ఇంచుమించు ఇంతే. సైబీరియాలో మే నుంచి జులై దాకా ఎండ ఉంటుంది, పొద్దు ఎక్కువ, పురుగులు బోలెడు. గూడు, గుడ్లు, పిల్లలు అన్నీ అక్కడే. నేల గడ్డకట్టే వేళకి తిండి వెతుక్కుంటూ మన వైపు వస్తాయి. ఇక్కడ తింటాయి, చలికాలం వెళ్ళదీస్తాయి, తిరిగి వెళ్ళిపోతాయి. ఇక్కడ మాత్రం గుడ్లు పెట్టవు.

మరి ఈ చెట్టు మీద ఏముంది?

[క్లోజప్: గూడు. అందులో నోరు తెరిచిన పిల్లలు. తల్లి గొంతు సంచిలో తల దూర్చి చేప తింటున్న పిల్ల.]

గూళ్ళున్నాయి, పిల్లలున్నాయి. అంటే ఇది వీటికి పుట్టిల్లే. ఈ పెద్ద సంచి ముక్కుది పెలికాన్, గూడబాతు అంటాం. ఈ జాతి పిల్లలు చేసేది భారత్, శ్రీలంక, కంబోడియా వైపే. పక్కన తోక వైపు గులాబీ రంగు రెక్క ఈకలతో ఉన్నది పెయింటెడ్ స్టార్క్, ఎర్రకాళ్ళ కొంగ. అదీ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షే. చేపలున్న నీళ్ళను బట్టి ఒకచోటు నుంచి ఇంకోచోటుకు తిరుగుతాయి తప్ప హిమాలయాలు దాటి రావు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి వెళ్ళినా ఇదే కథ వింటారు. అక్కడికి తొలకరి వేళకు వచ్చేవి నత్తగుల్ల కొంగలు. నత్తలు తినే పక్షికి సైబీరియాతో పనేమిటి?

ఈ సైబీరియా పేరు ఎలా అంటుకుందో నాకో అనుమానం ఉంది. రాజస్థాన్ భరత్‌పూర్‌కి నిజంగానే సైబీరియా కొంగలు వచ్చేవి. వాటి పేరు దేశమంతా మోగిపోయింది. 2002 తర్వాత అవి అక్కడ కనబడలేదు. పక్షులు రావడం ఆగిపోయినా పేరు మిగిలిపోయి, ఊరూరా దొరికిన కొంగకల్లా తగిలిందని నా ఊహ.

అలాగని ఆ ఉత్తర దేశాల నుంచి ఏమీ రావని అనేయకండి. నౌపడా ఉప్పు మడుల వైపు చలికాలంలో వెళ్ళండి. సూదితోక బాతుల్లాంటివి నిజంగా ఆ దూరం నుంచి వచ్చేవే. ఇంకో సంగతి చెప్తాను, ఇది వింటే వాట్సాప్ కోత అనుకుంటారు. 2022 అక్టోబరులో గాడ్విట్ అనే పక్షి అలాస్కాలో లేచి ఆస్ట్రేలియా కింద ఉన్న టాస్మేనియాలో దిగింది. 13,560 కిలోమీటర్లు, 11 రోజులు, మధ్యలో ఎక్కడా దిగలేదు. వయసు అయిదు నెలలు! దీన్ని ఎందుకు నమ్ముతున్నానంటే, దాని ఒంటి మీద శాటిలైట్ ట్యాగ్ ఉంది. ఏ పూట ఎక్కడుందో లెక్క ఉంది. నా థంబ్‌నెయిల్‌కి ఉన్న ఆధారం మంచు కొండల ఫొటో.

అప్పటి నుంచి ఏ వీడియో వచ్చినా ఒక ప్రశ్న అడుగుతున్నాను. ఇదే నిజమైతే, ఇంకా ఏమేం కనబడాలి?

[దృశ్యం మారింది: టెక్కలి దగ్గర గ్రానైట్ క్వారీ. ఓ పక్కన గుండ్రటి బండలు.]

వేరే ఊళ్ళో డైనోసార్ గుడ్లు దొరికాయన్న వీడియోలు మీకూ వచ్చే ఉంటాయి. రేపెప్పుడో మన టెక్కలి క్వారీలోనే దొరికాయని వస్తుందనుకోండి. గుండ్రంగా, ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడే రాళ్ళు ఇక్కడ కావలసినన్ని. వీడియో తీసేవాడికి ఏ లోటూ లేదు.

కానీ రాయి వయసు అడుగుదాం. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండేవి ఖోండలైట్, చార్నకైట్ రాళ్ళు. ఖోండలైట్ పేరు ఇక్కడి ఖోండు గిరిజనుల నుంచి వచ్చింది, 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టాడు. ఈ రాళ్ళు భూమి లోపల చాలా లోతున, 800 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికి ఇలా తయారయ్యాయి. అది జరిగి దాదాపు 90-100 కోట్ల ఏళ్ళు. డైనోసార్లు పుట్టింది 23 కోట్ల ఏళ్ళ కిందట. ముత్తాత పెళ్ళి ఫొటోలో మునిమనవడు నిలబడ్డట్టు ఉంటుంది మన రాళ్ళలో డైనోసార్ గుడ్డు.

మరి ఈ గుండ్రటి బండలు? రాతి పగుళ్ళలోకి నీరు దిగుతుంది. మూలలు ముందు అరుగుతాయి, చుట్టూ పొరలుగా ఊడుతుంది, లోపల గుండు మిగులుతుంది. అంతకు మించి ఏమీ లేదు.

2020లో తమిళనాడు పెరంబలూరు జిల్లాలో చెరువు తవ్వుతుంటే పెద్ద పెద్ద గుండ్రటి రాళ్ళు బయటపడ్డాయి. డైనోసార్ గుడ్లని దేశమంతా వీడియోలు. నిపుణులు వెళ్ళి చూస్తే, అమ్మోనైట్లనే పాతకాలపు సముద్ర జీవుల చుట్టూ మట్టి గట్టిపడి ఏర్పడిన ముద్దలు. ఆ జిల్లా ఒకప్పుడు సముద్రం అడుగు అన్నమాట. నన్నడిగితే గుడ్ల కంటే ఇదే పెద్ద వార్త, కానీ దానికి ఎవరూ థంబ్‌నెయిల్ చేయలేదు.

డైనోసార్‌నే చూడాలని పిల్లలు మారాం చేస్తే హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌కి తీసుకెళ్ళండి. గోదావరి-ప్రాణహిత లోయలో దొరికిన కోటాసారస్ అస్థిపంజరం అక్కడ నిలబెట్టి ఉంది. ఆ లోయ రాళ్ళు ఆ కాలానివే.

[దృశ్యం: భావనపాడు తీరం. వలలు బాగుచేస్తున్నారు.]

ఇక్కడ మా అక్క మొగుడు బోటు మీద వేటకి వెళ్తాడు. మెగలోడాన్ అనే పాతకాలపు రాకాసి సొర ఇంకా బతికే ఉందన్న వీడియో నాకు పంపింది ఆయనే.

బావ: సముద్రం అడుగు ఎవడు సూశాడ్రా? ఉందేమో, నీకేటి తెలుసు?

మంచి ప్రశ్న. ఆయన పక్షాన ఒక సాక్షి కూడా ఉన్నాడు. సీలకాంత్ అనే చేప డైనోసార్లతో పాటే, అంటే ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందటే పోయిందనుకున్నారు. 1938లో దక్షిణాఫ్రికాలో ఒక ట్రాలర్ వలలో పడింది! మార్జొరీ కోర్ట్నీ-లాటిమర్ అనే మ్యూజియం ఉద్యోగిని ఆ చేపల కుప్పలో దాన్ని గుర్తుపట్టింది. రెండోది 1952లో కొమొరో దీవుల్లో దొరికింది. తమాషా ఏమిటంటే అక్కడి జాలర్లకు ఆ చేప ముందే తెలుసు, దానికి ఒక పేరు కూడా ఉంది, గొంబెస్సా. పోయిందనుకున్నది పుస్తకాలవాళ్ళే.

మరి మెగలోడాన్? అది దాదాపు 36 లక్షల ఏళ్ళ కిందట పోయిన సొర. ఇప్పుడు మన ప్రశ్న వేద్దాం. అది బతికుంటే ఏం కనబడాలి? సొరకు జీవితాంతం పళ్ళు రాలుతూ, కొత్తవి వస్తూనే ఉంటాయి. ఒక్కో సొరకు వేలల్లో. మెగలోడాన్ పన్ను అరచెయ్యంత ఉంటుంది. దాని పాత పళ్ళు అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ దొరికాయి, కొత్తది మాత్రం ఒక్కటీ దొరకలేదు. పైగా అది తిన్నది తిమింగలాలను. తిమింగలం ఊపిరికి పైకి రాక తప్పదు, దాని వెనక సొరా రావాలి. అడుగున చల్లటి చీకట్లో అంత శరీరానికి తిండి ఏది? అంత గాటు పడ్డ తిమింగలం ఒక్కటైనా ఏదో ఒక ఒడ్డుకు కొట్టుకురాదా? సీలకాంత్ మనిషంత పొడవు చేప, లోతున రాతి గుహల్లో దాక్కుంటుంది. దాన్ని సాక్షిగా తెచ్చి బస్సంత సొరను విడిపించలేం.

బావ కాసేపు వల కుట్టుకున్నాడు.

బావ: పన్ను దొరికితే నీకే తెచ్చిస్తాన్లే.

సరే అన్నాను. తెస్తే ఆ రోజే ఈ వీడియో వెనక్కి తీసుకుంటాను.

ఇలాంటి పొరపాట్లు పెద్ద శాస్త్రవేత్తలూ చేశారు. 1923లో మంగోలియా గోబీ ఎడారిలో గుడ్ల గూడు దగ్గర ఒక డైనోసార్ ఎముకలు దొరికాయి. వేరే జంతువు గుడ్లు దొంగిలిస్తూ చచ్చిపోయిందనుకుని 1924లో ఒవిరాప్టర్ అన్నారు, గుడ్ల దొంగ అని. 1993లో అదే రకం గుడ్డులో పిల్ల దొరికితే చూశారు. అది ఒవిరాప్టర్ కుటుంబం పిల్లే! ఆ తల్లి తన గూటి దగ్గరే ఉందన్నమాట. డెబ్బై ఏళ్ళ నీలాపనింద. చవితి కథలో కృష్ణుడు ఏం చేశాడు? శమంతకమణి నేను తీయలేదని ఊరికే ఒట్టు వేయలేదు. అడవికి వెళ్ళి సింహం అడుగు జాడ, తర్వాత ఎలుగుబంటి జాడ పట్టుకుని గుహ దాకా నడిచాడు. ఈ డైనోసార్‌కి ఆ పని చేసిపెట్టింది గుడ్డులోని పిల్ల. పేరు మాత్రం మార్చలేదు. ముందు పెట్టిన పేరే నిలవాలన్నది వాళ్ళ నియమం.

మా పాత వీడియో కూడా తీసేయలేదు. పేరు మార్చాను, మొదట్లోనే తప్పు ఇదీ అని రాశాను. మంచు కొండలు తీసేశాను.

[చివరి దృశ్యం: అదే అరుగు, అదే పెద్దావిడ. వ్యాఖ్యాత పక్కన కూర్చున్నాడు.]

వ్యాఖ్యాత: పెద్దమ్మా, ఇవి సైబీరియావి కావు. మన దేశంవే. నువ్వు చెప్పిందే సరైంది.

పెద్దావిడ: నానేటి సెప్పాను?

వ్యాఖ్యాత: పురిటికొచ్చిన ఆడపిల్లల్లాంటివని.

పెద్దావిడ: ఓలమ్మా, దానికింత దూరం రావాలేటి? మరి పురుడు పోసి పంపిన పిల్లలకి సారె పెట్టాల. ఎవలు పెడతారు, నువ్వెడతావేటి?

[పెలికాన్ ఒకటి రెక్కలు చాపి చెట్టు మీద వాలింది. గొడుగు మీద టప్‌మని చప్పుడు.]