మీ హాలుకు ఒక్క వాట్ చాలు, కావాలంటే మళ్లీ తిట్టండి!

మళ్లీ అదే మాట అంటున్నాను, ఈసారి ఇంకాస్త గట్టిగా. మీ హాలుకు ఒక్క వాట్ చాలు.

పోయిన వీడియోలో నేనన్నది ఇంతే: ఫ్లాట్‌లో కూర్చుని పాటలు వినడానికి పాతిక వాట్ల స్టీరియో రిసీవర్ (రేడియో, స్పీకర్లను మోగించే యాంప్లిఫయర్ కలిసిన పెట్టె) సరిపోతుంది, వెయ్యి వాట్లని అట్ట మీద అచ్చేసిన హోమ్ థియేటర్ పెట్టె దండగ అని. దానికి నాకు బాగానే గడ్డి పెట్టారు. ఒకాయన చెవుల డాక్టరుకు చూపించుకోమన్నారు. ఇంకొకాయన ఏ కంపెనీ దగ్గర ఎంత పుచ్చుకున్నావని నేరుగానే అడిగారు. మా బావమరిది అయితే ఫోను చేసి, ‘బావా, నా పరువు తీశావు’ అన్నాడు. వాడు ఆ ముందు వారమే వెయ్యి వాట్ల పెట్టె కొన్నాడు లెండి. సరే, తప్పు ఒప్పుకుంటున్నాను. పాతిక అనడం తప్పే. చాలా ఎక్కువ చెప్పాను.

ఇదిగో, నా చేతిలో ఉన్నది మల్టీమీటర్, వోల్టులు కొలిచే పరికరం. కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నాను, ఖరీదైనదేమీ కాదు. రిసీవర్ వెనక, ఎడమ స్పీకర్ తీగలు బిగించిన చోట దీని ఎర్ర మొన ఒకవైపు, నల్ల మొన ఇంకోవైపు ఆనించాను. రెండు మొనలూ ఒకదానికొకటి తగలనివ్వకండి, రిసీవర్ పోతే నన్ను అనకండి. ఈ మీటరు 2.83 వోల్టులు చూపిస్తే, 8 ఓమ్‌ల స్పీకర్‌లోకి ఒక వాట్ వెళ్తున్నట్టు (ఓమ్ అంటే విద్యుత్తుకు స్పీకర్ పెట్టే అడ్డును కొలిచేది). వోల్టును వోల్టుతో గుణించి ఎనిమిదితో భాగించండి, అంతే లెక్క.

రాత్రి భోజనాలయ్యాక నేను రోజూ వినే మోతాదులోనే పెట్టాను. పాత పాట, వీణ, వెనకాల తబలా. మీటరు అర వోల్టు దగ్గర ఊగిసలాడింది. అర వోల్టు అంటే ఒక వాట్‌లో ముప్పై రెండో వంతు! వెయ్యి వాట్లని కొట్లాడుతున్న మనం వింటున్నది ఒక్క వాట్‌లో ముప్పై రెండో వంతు. పెంచాను. ఒక వోల్టు, అంటే ఒక వాట్‌లో ఎనిమిదో వంతు. కిటికీ దగ్గర పడుకున్న పిల్లి లేచి వెళ్లిపోయింది. ఇంకా పెంచాను. రెండు వోల్టులు, అర వాట్. వంటింట్లోంచి మా ఆవిడ: ‘కుక్కర్ మూడు విజిళ్లు వేసిందో నాలుగు వేసిందో తెలియడం లేదు, ఆ గోల ఆపుతారా లేదా?’ అర వాట్ అండీ! అర వాట్‌కు మా ఇంట్లో పప్పు మాడే పరిస్థితి వచ్చింది.

ఇక్కడ తెలిసినవారు అడ్డుపడతారు. మీటరు చూపించేది సగటు కదా, మృదంగం మీద దెబ్బ పడిన క్షణంలో విద్యుత్తు ఎంతో పైకి ఎగురుతుంది కదా అని. నిజమే. ఇలాంటి చవక మీటరు ఆ ఎగుడును పట్టుకోలేదు. అందుకే ఆ దెబ్బకు సగటు మీద ఇరవై రెట్లు వేసుకుందాం. అర వాట్‌కు ఇరవై రెట్లు ఎంత? పది వాట్లు. అదీ పిల్లి పారిపోయి, కుక్కర్ వినపడని స్థాయిలో. మిగిలిన తొమ్మిది వందల తొంభై ఏం చేస్తున్నట్టు?

వాట్ల సంగతిలో దుకాణాల వాళ్లు మీకు చెప్పని విషయం ఒకటుంది. 50 వాట్ల నుంచి 100 వాట్లకు వెళ్తే మోత రెట్టింపు కాదు. పెరిగేది 3 డెసిబెల్స్, మోతను కొలిచేది వీటితోనే. ‘కాస్త పెంచినట్టున్నారే’ అనిపించేంత. మన చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే వాట్లు పది రెట్లు కావాలి. స్పీకర్ వెనక చీటీ మీద సున్నితత్వం (సెన్సిటివిటీ) అని ఒక అంకె ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. ఒక వాట్ ఇస్తే స్పీకర్‌కు ఒక మీటరు దూరంలో, అంటే మూడడుగుల అవతల, ఎంత మోత వస్తుందో చెప్పే అంకె అది. 86 డెసిబెల్స్ స్పీకర్లకు 100 వాట్లు పోసినా, 92 డెసిబెల్స్ స్పీకర్లకు 25 వాట్లు పోసినా వచ్చే మోత ఒక్కటే. కావాలంటే మళ్లీ లెక్క వేసుకోండి, నేను రెండుసార్లు వేశాను. అంటే మీరు రిసీవర్ మీద తగలేసే డబ్బులో సగం, స్పీకర్ చీటీ ఒకసారి చదివి ఉంటే మిగిలేది.

అసలు ఆ అంకెలు ఎలా పుడతాయో తెలుసా? క్యాసెట్ల కాలంలో పీఎంపీఓ అని ఒక వాట్ల లెక్క ఉండేది, గుర్తుందా? అరచేతి మందం పెట్టెకు కూడా అట్ట మీద వేల వాట్లు. ఇప్పుడు ఆ పేరు వాడటం లేదు, వేషం మార్చారు. ఒక్క చానల్ మాత్రమే మోగిస్తూ, ఒక్క 1000 హెర్ట్జ్ స్వరం మీద (హెర్ట్జ్ అంటే స్వరం ఎంత సన్నమో, ఎంత బొంగురో చెప్పే కొలత), పది శాతం వక్రీకరణ వచ్చేదాకా తొక్కి, అప్పుడు కొలిచి వాట్లు రాస్తారు. పది శాతం వక్రీకరణ అంటే గాయకుడి గొంతులో ఇసుక పోసినట్టు. అమెరికాలో ఈ దగా మీద 1974లోనే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన పెట్టింది. 2024లో దాన్ని ఇంకా బిగించింది: 8 ఓమ్‌ల మీద, 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు, వక్రీకరణ ఒక శాతం లోపు ఉండగా కొలిచి చెప్పాలి అని. దుకాణంలో మీరు అడగాల్సింది ఈ మూడే. ఎన్ని ఓమ్‌ల మీద, ఏ హెర్ట్జ్ నుంచి ఏ హెర్ట్జ్ దాకా, ఎంత వక్రీకరణతో? పోయిన నెల ఒక పెద్ద షోరూములో అడిగాను. ఆ కుర్రవాడు ‘సార్, బేస్ చూడండి’ అని శబ్దం పెంచాడు. జవాబు అదే అన్నమాట.

ఇప్పుడు నా సిద్ధాంతం చెబుతాను, నచ్చకపోతే నచ్చకపోనీయండి. మన హైదరాబాదు వాళ్ల చెవులను వినాయక మండపాలు, ఫంక్షన్ హాళ్లు తయారుచేశాయి. ఏటా భాద్రపదంలో తొమ్మిది పది రోజులు కిటికీ అద్దాలు అదురుతుంటే, గుండె మీద దెబ్బ తగిలితేనే సంగీతమని చిన్నప్పుడే మనకు ముద్ర పడిపోయింది. పెళ్లికి వెళ్తే పక్కన కూర్చున్న పిన్నితో మాట్లాడాలన్నా చెవిలో అరవాలి. హుస్సేన్ సాగర్ దాకా వెళ్లే లారీకి వేల వాట్లు కావాలి, కాదనను. ఆకాశం కింద, వేలమంది జనం మధ్య, అక్కడ గోడలు లేవు. మీ హాలుకు నాలుగు గోడలున్నాయి, సోఫా నుంచి స్పీకర్ పది అడుగులు. ఊరేగింపు కొలతలతో ఇంటికి సరుకు కొంటున్నాం మనం! పైగా శబ్ద కాలుష్య నిబంధనలు 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఆరు వరకు 45. వెయ్యి వాట్లు ఎప్పుడు వాడతారండీ, పండగకా?

పాత సెట్లు కొనమంటారా అని చాలామంది అడిగారు. దీనికి మా పెదనాన్నగారి అబ్బాయి కథే జవాబు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో జపాన్ రిసీవర్ దొరికింది. వెండి రంగు ముఖం, ఆకుపచ్చ దీపం, బరువైన ట్యూనింగ్ చక్రం. వేలితో ఒకసారి తిప్పితే చివరిదాకా దానంతట అదే జారుతుంది. చూస్తే నాకూ మనసు లాగింది. అన్నయ్య ఇంటికి తెచ్చాక చూస్తే అది జపాన్‌లో వాడే 100 వోల్టుల సెట్టు. మన గోడలో 230. దానికి వోల్టులు తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొన్నాడు, అది తుమ్మెదలా మూలుగుతూ ఉంటుంది. సరే, పాటలు వచ్చాయి. రేడియో పెడదామని చక్రం తిప్పాడు. ముల్లు 90 దగ్గర ఆగిపోయింది. ఆ కాలం జపాన్ సెట్లలో ఎఫ్ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే! మన ఊళ్లో రేడియో సిటీ 91.1, రెడ్ 93.5, మిర్చి 98.3, రెయిన్‌బో 101.9, వివిధభారతి 102.8. ఒక్కటీ అందదు. ఇప్పుడు ఆ సెట్టు మీద మా వదిన మనీప్లాంట్ పెట్టుకుంది. అమెరికా నుంచి తెచ్చిన కొన్ని డిజిటల్ సెట్లదీ వేరే తమాషా. 102.7 తరువాత నేరుగా 102.9కి దూకుతాయి, వివిధభారతి మధ్యలో నిలబడిపోతుంది. దుబాయి నుంచి వచ్చినవైతే మన వోల్టేజీకి సరిపోయేవి ఎక్కువ.

పాతది కొనేముందు నేను చేసేది చూడండి. ఆన్ చేశాక రెండు మూడు క్షణాలకు లోపల ‘టక్’మని రిలే, అంటే దానంతట అదే పడే స్విచ్చు, మోగాలి. స్పీకర్లను కాపాడే రిలే ఉన్న సెట్టయితే ఆ చప్పుడు రావాల్సిందే. తరువాత శబ్దాన్ని బాగా తగ్గించి వింటాను. చాలామంది పెంచి వింటారు, లోపమంతా తగ్గిస్తేనే బయటపడుతుంది. ఒకవైపు వినపడి ఇంకోవైపు వినపడకపోయినా, చక్రం తిప్పుతుంటే నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడినా, మరమ్మతు ఖర్చు ధరలోంచి తగ్గించి అడగండి.

కొత్తవాటిలో పొదుపుగా కొనదగ్గవి రెండు. యమహా ఆర్-ఎస్202, సోనీ ఎస్‌టీఆర్-డీహెచ్190. రెండింటిలోనూ బ్లూటూత్, ఎఫ్ఎం, రెండు జతల స్పీకర్లకు చోటు ఉన్నాయి. యమహా తన 100 వాట్లను 40 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు, 8 ఓమ్‌ల మీద, 0.2 శాతం వక్రీకరణతో చెప్పుకుంటుంది. ఇలా విడమరచి రాసినందుకే దాని మీద నాకు గౌరవం. కానీ నాన్నగారి రికార్డులు బయటికి తీసి టర్న్‌టేబుల్ పెట్టుకోవాలనుకుంటే సోనీ తీసుకోండి, టర్న్‌టేబుల్ తీగ పెట్టే ఫోనో ఇన్‌పుట్ దానికే ఉంది. యమహాకు విడిగా ఒక చిన్న ఫోనో పెట్టె కొనాలి. రెండింటికీ ఆప్టికల్ (కాంతి తీగతో డిజిటల్ శబ్దం అందుకునే చోటు) లేదు, టీవీ వెనక అదొక్కటే ఉంటే మధ్యలో ఆ డిజిటల్ శబ్దాన్ని మామూలు తీగకు మార్చే డాక్ (DAC) పెట్టె తప్పదు. చేతిలో యాభై వేలుంటే ముప్పై వేలు స్పీకర్లకు పెట్టండి. రిసీవర్‌కు ఇరవై దాటితే నాకు కోపం వస్తుంది.

‘మరి వాటి మీద కూడా 100 అనే ఉంది కదా’ అంటారు. ఉంటే ఉండనీయండి, చవకగా వస్తోంది. మీరు వాడేది మాత్రం ఒక్క వాటే.

నమ్మరు కదా? మీటరు తెచ్చుకోండి. మీరు రోజూ వినే మోతాదులో పాట పెట్టి, వోల్టులు చూసి, ఆ అంకె కింద రాయండి. రెండు వోల్టులు దాటినవాళ్లు పక్క ఫ్లాట్ వాళ్లు మీతో ఇంకా మాట్లాడుతున్నారో లేదో కూడా రాయండి. మా బావమరిది మొదట రాస్తాడు. వాడికి మీటరు నేనే పంపించాను.