సరమ విన్న భేరీ చప్పుడు

(చెన్నైలో తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, ఈ ఉక్కపోతలో, టి.నగర్ ట్రాఫిక్ దాటుకుని ఇంతమంది వచ్చారంటే మీకు పురాణాల మీద ప్రేమైనా ఉండాలి, ఏఐ అంటే టెన్షనైనా ఉండాలి. ఇవాళ నేను చెప్పబోయేది ఆ రెండింటి గురించే. 

ముందే చెప్పేస్తున్నాను, పుష్పకం అంటే విమానమనీ, సంజయుడు చూసింది లైవ్ టెలికాస్ట్ అనీ నేను చెప్పబోవడం లేదు. ఆ పని వాట్సాప్‌లో బ్రహ్మాండంగా జరుగుతోంది. అలా చెప్పడం మొదలుపెడితే కథలో ఉన్న అసలు సరుకు పక్కకి పోతుంది. యంత్రాల గురించి మన పురాణాలకి తెలిసింది తక్కువే. కానీ వరం అడిగేవాడి బుద్ధి ఎలా ఉంటుందో, మాయని నమ్మేవాడి మనసు ఎలా ఉంటుందో మాత్రం వాటికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదేమో.

హిరణ్యకశిపుడినే తీసుకోండి. మనిషి వల్ల కాదు, మృగం వల్ల కాదు, పగలు కాదు, రాత్రి కాదు, లోపల కాదు, బయట కాదు, నేల మీద కాదు, ఆకాశంలో కాదు అని లాయరు కూడా రాయలేనంత జాగ్రత్తగా అడిగాడు. బ్రహ్మ అన్నీ ఇచ్చాడు, ఒక్కటీ తప్పలేదు. చివరికి నరసింహుడు కూడా ఆ షరతులన్నీ పాటిస్తూనే గడప మీద, సంధ్యవేళ, గోళ్ళతో పని పూర్తి చేశాడు. చిన్నప్పుడు ఇది దేవుడి తెలివి అనుకునేవాళ్ళం. ఇప్పుడు చదివితే మాటల్లో పెట్టిన కోరిక ఎంత పొడుగు రాసినా నిండదని కనిపిస్తుంది. 2016లో ఓపెన్‌ఏఐ అనే ఏఐ పరిశోధన సంస్థ వాళ్ళు ఒక పడవ పందెం వీడియో గేమ్‌ని ఒక ప్రోగ్రామ్‌కి నేర్పించారు. పందెం గెలవమని విడిగా చెప్పలేదు, స్కోరు పెంచమన్నారు, ఎలాగూ రెండూ ఒకటే కదా అనుకున్నారు. ఆ పడవ పందెం సంగతి వదిలేసి, ఒక మడుగులాంటి చోట గిరగిరా తిరుగుతూ, మళ్ళీ మళ్ళీ మొలిచే అవే లక్ష్యాలని గుద్దుకుంటూ, ఎదురొచ్చిన పడవల్ని ఢీకొంటూ, నిప్పంటుకుని కాలుతూ కూడా మనుషులు ఆడిన దానికంటే సగటున 20 శాతం ఎక్కువ స్కోరు తెచ్చుకుంది. అడిగింది అడిగినట్టు ఇచ్చింది, పాపం! యంత్రాలూ ప్రాణులూ తమని తాము ఎలా అదుపు చేసుకుంటాయో చెప్పే సైబర్నెటిక్స్ అనే శాస్త్రానికి ఆద్యుడు, గణితవేత్త నార్బర్ట్ వీనర్ 1960లోనే ఈ ప్రమాదం గురించి రాశాడు, అదీ చీపురుకి నీళ్ళు మొయ్యమని మంత్రం వేసి, ఆపడం తెలీక అవస్థపడ్డ మంత్రగాడి శిష్యుడి కథలాంటి పాత కథలు గుర్తుచేస్తూ రాశాడు. లెక్కల మనిషికి కూడా ఆ మాట చెప్పడానికి కథలే కావలసి వచ్చాయి.

అయితే నాకు హిరణ్యకశిపుడి కంటే రావణుడి వరం ఎక్కువ పనికొస్తుంది. ఆయన దేవతలు, దానవులు, యక్షులు, నాగులు, ఇలా అందరి పేర్లూ వరసగా చెప్పి, వీళ్ళ చేతిలో నాకు చావు ఉండకూడదన్నాడు. మనుషుల్ని వదిలేశాడు. మరిచిపోయి కాదండీ! మనుషులూ వాళ్ళలాంటి మిగతా ప్రాణులూ నాకు గడ్డిపరకతో సమానం అని రావణుడు బ్రహ్మ ఎదుటే అన్నాడు. అంటే లిస్టులో ఆ ఖాళీ తెలివితక్కువ వల్ల రాలేదు, లెక్కచేయకపోవడం వల్ల వచ్చింది. ఏ యంత్రాన్ని తయారుచేసేటప్పుడైనా ఎవరి కోసం పరీక్షించారు, ఎవరిని వదిలేశారు అని అడగాలని నాకు అప్పుడే అనిపిస్తుంది. మన సంగతే చూడండి. ఈ ఊళ్ళో నాలుగు తరాలుగా ఉన్న తెలుగిళ్ళు ఎన్నో ఉన్నాయి. మా ఇంట్లో ఒక వాక్యం తెలుగులో మొదలై, తమిళంలో తిరిగి, మళ్ళీ తెలుగు క్రియతో ముగుస్తుంది. మా పెద్దమ్మ ఆ భాషలోనే ఫోన్‌ని వాతావరణం అడిగితే అది ఆవిడకి ఏదో భక్తి పాట వినిపించింది. ఆవిడ మాత్రం "పోన్లే, పాట బాగుంది" అని పూర్తిగా వినేసింది, అది వేరే విషయం. నవ్వుకోవడానికి బాగుంటుంది కానీ, రేపు అదే యంత్రం ఆస్పత్రిలో ఆవిడ చెప్పే నొప్పి విని రాసుకోవాల్సి వస్తే?

ఇప్పుడు నేను అసలు చెప్పాలని వచ్చిన ఘట్టం. మారీచుడు రాముడి గొంతుతో "హా సీతా, హా లక్ష్మణా" అని అరిచాడని అందరికీ తెలుసు. యుద్ధకాండలో అంతకంటే భయంకరమైనది ఉంది, దాని గురించి ఎందుకో తక్కువ మాట్లాడుకుంటాం. రావణుడు విద్యుజ్జిహ్వుడు అనే మాయావి చేత రాముడి తల ఒకటి, విల్లు ఒకటి తయారుచేయించి అశోకవనానికి తెప్పించాడు. రాముడు నిద్రలో ఉండగా మావాళ్ళు చంపేశారన్నాడు. సీత గుడ్డిగా నమ్మలేదు. వాల్మీకి చాలా శ్రద్ధగా చెబుతాడు, ఆవిడ ఆ కళ్ళు చూసింది, ముఖం రంగు చూసింది, జుట్టు చూసింది, చూడామణి చూసింది. గుర్తులన్నీ సరిపోయాయి. అప్పుడే కూలిపోయింది. అంటే ఇంకాస్త పరీక్షగా చూసి ఉంటే దొరికిపోయేది అనడానికి లేదు, నకలు అంత బాగుంది. ఇవాళ డీప్‌ఫేక్, అంటే ఏఐతో చేసిన నకిలీ వీడియోల గురించి మనకి చెప్పే సలహాలు చాలావరకు వేళ్ళు లెక్కపెట్టండి, కళ్ళార్పడం చూడండి అనే తరహాలోనే ఉంటాయి. అవి ఇంకెన్నాళ్ళు పనికొస్తాయి?

రావణుడు వెళ్ళాక సరమ అనే రాక్షసస్త్రీ సీత దగ్గరికి వస్తుంది. ఆవిడ తల వంకే చూడదు, అది అప్పటికే మాయమైంది కూడా. రాముడిలాంటి వాడిని నిద్రలో చంపడం జరిగే పని కాదు అంటుంది. తర్వాత, ఆ భేరీ చప్పుడు విను, సైన్యం యుద్ధానికి సిద్ధమవుతోంది అని చూపిస్తుంది. ఏనుగుల్ని సిద్ధం చేస్తున్నారు, రథాలకి గుర్రాల్ని కడుతున్నారు. రాముడు పోయి ఉంటే వీళ్ళు ఎవరి మీదికి వెళుతున్నట్టు? నాకు ఈ ఘట్టం చదివినప్పుడల్లా సరమకి దండం పెట్టాలనిపిస్తుంది.

వెస్ట్ మాంబళంలో మాకు తెలిసిన ఒక పెద్దావిడకి ఈ మధ్య ఫోన్ వచ్చింది. అచ్చం కొడుకు గొంతే, "అమ్మా, పోలీసులు పట్టుకున్నారు, వెంటనే డబ్బు పంపు" అని. ఆవిడ ఏడుస్తూ నంబరు రాసుకోవడానికి కళ్ళజోడు వెతుక్కుంటోంది. వంటింట్లోంచి వచ్చిన కోడలు ఆ గొంతు విని, ఆయనదే అనుకుంది కూడా. కానీ ఒక్క క్షణం ఆగి, "అత్తయ్యా, ఆయన ఇప్పుడు బెంగళూరు రైల్లో ఉన్నారు కదా, వెనకాల రైలు చప్పుడేదీ?" అంది. అంతే, ఫోన్ పెట్టేశారు. ఆ అమ్మాయి యుద్ధకాండ చదివిందని నేననను. చదివినవాళ్ళం మనం ఆ క్షణంలో అలా ఆలోచిస్తామా అన్నది కూడా నాకు నమ్మకం లేదు.

పక్కనే వడపళని ఉంది, ఒకప్పుడు వాహినీ స్టూడియో ఉన్న చోటు, 1957 నాటి మాయాబజార్ గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. అందులో ప్రియదర్శిని పెట్టె ఉందే, ఎవరు తెరిస్తే వారికి ఇష్టమైనదే కనిపిస్తుంది. నిజం కాదు, ఇష్టమైనది. అది వ్యాసుడు రాసింది కాదు, భారతంలో ఆ శశిరేఖ పెళ్ళే లేదు, మనవాళ్ళు తర్వాత కల్పించుకున్నది. పురాణం పాతబడకపోవడానికి కారణం అదే, అవసరమైనప్పుడల్లా దాన్ని తెరిచి ఇంకో గది కట్టుకున్నాం. మన ఫోన్ కూడా రోజంతా మనకి ఇష్టమైనదే చూపిస్తోంది కాబట్టి, దాని మీద ఇప్పుడొక కొత్త ఘట్టం ఎవరైనా రాయాలి, బుర్రకథగానో, స్టాండప్‌గానో, రీల్‌గానో. ఈ హాల్లో వెనక వరసలో కూర్చున్న పిల్లలు రాస్తే ఇంకా మంచిది, మా వయసువాళ్ళు రాస్తే నీతి ఎక్కువైపోతుంది.

ప్రశ్నలుంటే అడగండి. మైక్ ఆ మూల ఉంది. పుష్పకవిమానం గురించి కాకపోతే చాలు.