నిమిషం వీడియోలో మన గుట్టల జీవాలు

(కడపలో డిగ్రీ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అధ్యాపకులకు నమస్కారం. పిల్లలూ, ముందుగా మీకో ప్రశ్న. ఆఫ్రికాలో సింహం వేటాడే వీడియో చూడనివాళ్లు ఈ హాల్లో ఉన్నారా? ఒక్కరూ చెయ్యెత్తలేదు. సరే, నీలంరంగు సాలీడును చూసినవాళ్లు ఎంతమంది? ఫోన్లో చూసినా పర్వాలేదు. ఇద్దరే.

ఆ సాలీడు మనది. దాని పేరులోనే మన గుత్తి ఉంది. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దానికి పొయెసిలోథీరియా మెటాలికా అని శాస్త్రీయ నామం పెట్టాడు. ఆయన చేతికి అందిన నమూనా గుత్తిలో రైల్వేవాళ్ల కలప యార్డులో దొరికింది. అందుకే ప్రపంచమంతా దాన్ని గుత్తి టారంటులా అంటుంది. నిజానికి దాని ఇల్లు గుత్తి కాదు. నల్లమల దుంగలతోపాటు రైలెక్కి వచ్చి ఉంటుందని అంటారు. ఆ తర్వాత వందేళ్లకు పైగా దాని జాడే లేదు. మళ్లీ 2001లో నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య అడవిలో కనిపించింది. చెట్టు తొర్రల్లో ఉంటుంది, రాత్రిపూటే బయటికి వస్తుంది. ఇంకో సంగతి, దాని ఒంట్లో నీలం రంగు పదార్థమే లేదు. వెంట్రుకల మీద కంటికి ఆనని సన్నటి నిర్మాణం ఒకటుంది, వెలుతురు దాని మీద పడితే నీలం మాత్రమే మన కంటికి తిరిగొస్తుంది. నెమలి పింఛానికి రంగొచ్చేదీ ఈ పద్ధతిలోనే.

యూరప్‌లో, అమెరికాలో ఈ సాలీడును అద్దాల పెట్టెల్లో పెట్టి పెంచుకుంటున్నారు. దాని గురించి వాళ్ల భాషల్లో లెక్కలేనన్ని వీడియోలున్నాయి. గుత్తిలో పుట్టి పెరిగిన పిల్లలకు మాత్రం దాని సంగతి తెలీదు. నాకు ఈ మాట తలచుకుంటే కడుపులో దేవినట్టుంటుంది. నేను వీడియోలు మొదలుపెట్టింది ఆ బాధతోనే.

నేను బయాలజీ టీచర్ని. కళ్యాణదుర్గం వైపు హైస్కూల్లో చెబుతాను. నాలుగేళ్లుగా మా పిల్లలు, నేను కలిసి నిమిషంలోపు వీడియోలు తీస్తున్నాం. మొట్టమొదటిది ఆరుద్ర పురుగు మీద. మీకందరికీ తెలిసిందే, తొలకరి పడగానే ఎర్రనేల మీద మఖ్మల్ గుడ్డ ముక్కలా నడిచే పురుగు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి తడినేల మీద బోర్లా పడుకుని, ఫోన్ నేలకు ఆనించి తీస్తా ఉంది. ఉన్నట్టుండి తలెత్తి, "మేడమ్, దీనికి ఎనిమిది కాళ్లుండాయి. మరి పురుగెట్లయితాది?" అనింది.

ఆ ప్రశ్ననే వీడియో చేశాం. నిజమే, పురుగులకు ఆరు కాళ్లు. ఎనిమిది కాళ్లున్నాయంటే ఇది సాలీడుకు, తేలుకు చుట్టం. మరి వానకే ఎందుకు బయటికి వస్తుంది? అదే వానకు పుట్టల్లోంచి ఉసుళ్లు లేస్తాయి. అవి రెక్కల చెదలు, దీనికి అవే విందు. కడుపు నింపుకుని, జత కట్టి, గుడ్లు పెట్టడానికి మళ్లీ మట్టిలోకి పోతుంది. వీడియో మొత్తం 52 సెకన్లు. పాఠంగా చెప్పివుంటే నలభై నిమిషాల పీరియడు పట్టేది, ఆ ప్రశ్న మాత్రం వచ్చేది కాదు. ఆ అమ్మాయి నేల మీద పడుకుంది కాబట్టే కాళ్లు లెక్కపెట్టగలిగింది.

ఇప్పుడు పాముల సంగతి. ఒకరోజు సాయంత్రం చెరువు కట్ట కింద రెండు జెర్రిపోతులు పెనవేసుకుని నిలువెత్తు లేస్తున్నాయి. నేను గబగబా ఫోన్ తీశాను. 'పాముల సయ్యాట' అని పేరు కూడా మనసులో పెట్టేసుకున్నాను. టీవీలో అట్లాగే వేస్తారు కదా. కొత్త పంచె కప్పితే కలిసొస్తుందని జనం పరుగెత్తుకుంటూ పోతారు కూడా. గొర్రెలు తోలుకుంటూ వచ్చిన పెద్దాయన నా పక్కన నిలబడి, "ఏం సూస్తాండావు టీచరమ్మా?" అన్నాడు. చెప్పాను. "సయ్యాట కాదు తల్లీ. రెండూ మొగాటివే. పోట్లాడతాండాయి. ఎవురు ఎవుర్ని కిందికి తొక్కుతారో సూడు" అన్నాడు.

అప్పుడు చూశాను, నిజంగా చూడటం. రెండూ మెడల దాకా లేచి, ఒకటి తన తలను రెండోదాని తల మీదికి తెచ్చి నేలకు వంచాలని చూస్తోంది. కిందపడింది విడిపించుకుని మళ్లీ లేస్తోంది. ఒక్కసారి కూడా కరుచుకోలేదు. అర్ధగంట దాటాక చిన్నది చుట్టు విప్పుకుని, రెల్లులోకి జారిపోయింది. గెలిచింది కాసేపు అక్కడే ఉండిపోయింది. ఇంటికెళ్లి పుస్తకాలు తిరగేస్తే ఆ పెద్దాయన మాటే ఖాయమైంది. మనం సయ్యాట అనుకునేవాటిలో ఎక్కువ భాగం మగపాముల కుస్తీయే. ఆడదాని కోసం, ఆ చోటు కోసం. నాగుపాముకు మగజోడు జెర్రిపోతు అనే మాట కూడా మన ఊళ్లలో ఉంది. ఆ రెండూ వేరు వేరు జాతులు, జత కట్టవు. జెర్రిపోతుకు విషమే లేదు, ఎలుకల్ని తిని రైతుకు మేలు చేస్తుంది.

ఆ వీడియోలో నా గొంతు లేదు. పెద్దాయన గొంతే పెట్టాం. ఆయన మాట్లాడిన తీరు చూసి చాలామంది తమ ఊరి కాపరుల దగ్గరికి ఫోన్ పట్టుకుని పోయారు.

అట్లాంటిదే ఇంకొకటి. చిలమత్తూరు మండలం వీరాపురంలో చింతచెట్ల నిండా కొంగలు గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటిని పురిటికొచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటారు, ఎవరూ రాయి విసరరు. బయటివాళ్లు మాత్రం సైబీరియా కొంగలని రాస్తుంటారు. అవి సైబీరియా నుంచి రాలేదు. పెయింటెడ్ స్టార్కులు, మన దేశపు కొంగలే. నీళ్లూ చేపలూ ఉన్న చోటు వెతుక్కుంటూ దేశంలోనే తిరుగుతాయి. ఎక్కడో మంచు దేశం పేరు తగిలిస్తేగానీ మన పక్షికి గౌరవం రాదా అని నాకు కోపమొస్తుంది. వీరాపురం పోతే ముక్కు పసుపు, తోక దగ్గరి రెక్క ఈకల గులాబీ రంగు చూపించి, పేరు సరిగ్గా చెప్పండి.

ఇక మీ జిల్లా సంగతి. ఇది చెప్పడానికే నేను కడప దాకా వచ్చాను. కలివికోడి.

జెర్డాన్ అనే సైనిక వైద్యుడు కనుగొన్న ఈ పక్షిని 1848లో బ్లైత్ అనే శాస్త్రవేత్త శాస్త్ర లోకానికి పరిచయం చేశాడు. 1900లో అనంతపురం దగ్గర ఒకాయన చూశాడు. అంతే, ఆ తర్వాత మాయమైంది. అంతరించిపోయిందనే అనుకున్నారు. 86 ఏళ్లు గడిచాయి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే పరిశోధకుడు ఇక్కడికొచ్చి ఊరూరూ తిరిగి, పక్షి బొమ్మ చూపించి అడిగాడు. పిట్టలు పట్టే ఐతన్న దాన్ని గుర్తుపట్టాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఓ రాత్రి టార్చి వెలుతురులో ఐతన్నే దాన్ని పట్టి తెచ్చాడు. ఆ పక్షి బతకలేదు. కానీ ఆ జాతి బతికే ఉందని లోకానికి తెలిసింది. దాని కోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తర్వాత తెలుగుగంగ కాలువ దారి కూడా దాని కోసం మార్చారు.

పేరు చూడండి. కలివి అంటే కలివికాయలు కాసే ముళ్లపొద. ఆ పొదల మధ్య తిరిగే కోడి కాబట్టి కలివికోడి. మరీ దట్టమైన అడవి దానికి పనికిరాదు, బోడి నేల కూడా పనికిరాదు. పొదలుండాలి, మధ్యలో పరుగెత్తడానికి ఖాళీ నేల ఉండాలి. పరిశోధకులు ఏళ్ల తరబడి కొలిచి తేల్చిన సంగతి ఇది. పొదలు ఎక్కువ నరికినా, పశువుల్ని అసలు రానీయక పొదలు కమ్ముకున్నా దానికి చోటుండదు. కలివి పొద దగ్గర వెతకమని మన పెద్దలు పేరులోనే పెట్టి ఇచ్చారు.

అది పగలు కనపడదు, రాత్రి తిరుగుతుంది. మరి పరిశోధకులు ఏం చేశారో తెలుసా? పొదల మధ్య సన్నటి మట్టిని చాపల్లా పరిచారు. పొద్దున్నే వచ్చి మట్టి మీద అడుగులు వెతికేవాళ్లు. మూడు వేళ్ల గుర్తు కనిపిస్తే ఆ చోట కెమెరా పెట్టేవాళ్లు. సందెపొద్దు వాలాక దాని అరుపు కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేవాళ్లు. మీరు కూడా ఇట్లాగే చెయ్యొచ్చు. వీడియోలో జంతువే కనపడాలని పట్టుబట్టకండి. అడుగు, ఈక, కుబుసం, చీకట్లో ఒక అరుపు, ఇవి చాలు. అది ఎవరిదో కనుక్కోవడమే కథ అవుతుంది.

మా ఊరి దిబ్బ మీద తీతువు పిట్ట గుడ్లు పెడితే మేం అట్లాగే తీశాం. గూడుండదు, గులకరాళ్ల మధ్య రాళ్లలాంటి నాలుగు గుడ్లు. తీతువు అరిస్తే చావుకబురంటారు. పాపం, అది అరిచేది గుడ్ల దగ్గరికి మనం వచ్చామని. మేం దూరంగా గానుగచెట్టు చాటున కూర్చుంటే, తల్లి నీళ్ల గుంటకు పోయి పొట్ట కింది ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంది. ఏప్రిల్ ఎండకు గుడ్లు ఉడికిపోకుండా చల్లబరుస్తోంది. మేం దగ్గరగా నిలబడి ఉంటే అది వచ్చేది కాదు, ఎండకు గుడ్లు చచ్చేవి.

ఒక తప్పు కూడా చెప్పాలి. రెండేళ్ల కిందట నక్షత్ర తాబేలు వీడియో పెట్టాను. ఊరి పేరు, గుట్ట పేరు చెప్పేశాను. పదిహేను రోజులకు ఇద్దరు కొత్త మనుషులు బైకు మీద గోతం వేసుకుని వచ్చారు, మా పిల్లవాడినే ఆ చోటు చూపించమని అడిగారు. వాడు తెలివైనవాడు, వేరే గుట్ట చూపించి నాకు ఫోన్ చేశాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. వీడియో తీసేశాను. ఆ తాబేళ్లను దొంగతనంగా దేశం దాటిస్తారు. ఇంట్లో పెంచుకోవడం కూడా వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే. అప్పట్నుంచి లొకేషన్ ఆపేసి తీస్తున్నాం. వెనకాల గుట్ట రూపు కూడా పడనివ్వం. మన సీమలో గుట్ట అంచు చూసి ఊరు చెప్పేసేవాళ్లుంటారు. మీలో ఎవరికైనా కలివికోడి అరుపు వినిపిస్తే, దయచేసి ముందు అటవీశాఖకో పరిశోధకులకో చెప్పండి, ఫోన్లో పెట్టకండి. టార్చి వేసి వెంటపడకండి.

మిగతావి చిన్న విషయాలు. గాలి హోరు ఎక్కువగా ఉంటే మైకు మీద చేతిరుమాలు చుట్టండి. పిట్ట గొంతు మీద సినిమా పాట వెయ్యకండి. మీ అమ్మతో ఎట్లా మాట్లాడతారో అట్లాగే మాట్లాడండి.

ఇక చాలు. నేను లోపలికి వస్తుంటే ఈ భవనం వెనక గోడవార, వాన తగలని మెత్తటి దుమ్ములో చిన్న చిన్న గరాటుల్లాంటి గుంతలు చూశాను. పదికి పైనే ఉన్నాయి. ఒక్కో గుంత అడుగున ఒక పురుగు కొండీలు తెరుచుకుని దాక్కుని ఉంటుంది. దుమ్ము ఎంత వాలుగా ఉంటే జారకుండా నిలుస్తుందో, ఆ అంచు దాకా అది గుంత తవ్వుతుంది. చీమ కాలు పెడితే చాలు, నేల జారుతుంది. చీమ పైకెక్కబోతే కింద నుంచి దుమ్ము ఎగజిమ్ముతుంది. ఇది పెద్దయ్యాక తూనీగలాంటి రెక్కలొచ్చి ఎగిరిపోతుంది. మా వైపు పిల్లలు దీనికి ఒక పేరు పెట్టారు, అది ఇప్పుడు చెప్పను. బద్వేలు, సిద్ధవటం, పులివెందుల, రాజంపేట నుంచి వచ్చినవాళ్లు మీ ఊళ్లో ఏమంటారో ముందు నాకు చెప్పాలి. ఇంకా అరగంట ఎండ ఉంది. ఫోన్లు తీసుకుని రండి, చీమల్ని మాత్రం మీరు వెయ్యకండి, అవే వస్తాయి.